రెండు కుంచాలు

డిండి వాగు అవతల బోడిగుట్ట కోట మీద
అమాస నాడు తవ్వనీకి పిలిస్తే పోయిన.
కూలి పన్నెండు వందలు, చాయ్ వాళ్లదే,
ఎవరికీ చెప్పనని నిమ్మకాయ మీద ఒట్టు.

పట్నం సేటు మెషిన్ పట్టుకొని ముందు నడుస్తున్నడు.
అది ఆకలైన పిల్లికూన తీరు మూలుగుతున్నది.
మూలిగిన కాడల్లా గడ్డపార దించినం,
నేనూ, రాళ్లు కొట్టే ఉశన్న, వాని బామ్మర్ది కుర్మయ్య.

మొదటి గుంతల గుర్రం నాడా.
రెండో గుంతల చీమలు.
మూడో గుంతల, మోకాటి లోతున,
చిలుం పట్టిన రెండు ఇత్తడి కుంచాలు
ఒకదాంట్ల ఒకటి దూరక, పక్కపక్కన.
సేటు కాలితో జరిపిండు.
"ఇత్తడి. ఇంకా లోతుకు పోండి."

ఉశన్న ఊకుంటడా!
ఒకదాంట్ల మన్ను నింపి, అరచేత్తో తలకొట్టి,
రెండోదాంట్ల పోసిండు.
నిండి, పొంగి, వాని కాళ్ల మీద పడ్డది.
బ్యాటరీ లైటు కొట్టి చూసినం:
అదే మూతి, అదే ఎత్తు, అదే నెమలి ముద్ర.
లోపల మాత్రం అడుగు మీద ఇంకో అడుగు.
వేలు పెడితేనే తెలుస్తది.

"ఒకటి పట్టే కుంచం," అన్నడు ఉశన్న,
"ఒకటి పెట్టే కుంచం."

మా అవ్వ ఈదమ్మ చెప్పేది:
కోటల గుర్రాలకు ఉలవలు ఉడుకుతుంటే
ఆ వాసనకు కింద ఏడూర్ల పసిపిల్లలు నిద్ర లేచేటోళ్లట.
మిగిలిన ఉలవకట్టు కుండలకు కుండలు దిగేదట,
అడిగినోళ్లకు అడిగినంత.
"మరి అదంతా ఏమైందే?" అంటే
"ఫిరంగులొచ్చినయి బిడ్డా" అనేది
వక్క కొరుక్కుంట.

ఇయ్యాల గోడంతా తడిమి చూసిన.
ఫిరంగి దెబ్బ ఒక్కటి లేదు.
రాళ్లు పగల్లేదు, పైవరుస నుంచి ఓపికగ ఊడదీసినయి.
మా ఇంటి గడపరాయి మీద సగం ఏనుగున్నది.
మిగతా సగం ఎవరింట్ల ఉన్నదో.

కంసాలితోని రెండో అడుగు పోయించిన నాడు
ఎవ్వరూ ఏడ్చి ఉండరు.
ఆ ఏడు వానలు కూడా మంచిగనే పడ్డయి కావొచ్చు.
కుంచానికి సోలెడు, ఎవనికి కనపడ్తది?
రైతుకు కనపడ్డది. శిస్తు వడ్లల్ల తాలు కలిపిండు.
తాలే జీతమైతే కావలి బంటు ఏం చేస్తడు,
కోట తలుపు ఇనుప ముల్లు ఒక్కొక్కటి పీకి అమ్ముకున్నడు.
టంకశాలల బంగారం పోయి రాగి,
రాగి సగం పోయి నెమలి ముద్ర మిగిలింది.
అంగట్ల మొదట నాణెం కొరికి చూసెటోళ్లు,
తర్వాత కొరుకుడు కూడా మానేసిన్రు.
తలుపుకు ముల్లు లేదని తెలిసిన రాజుకు నిద్ర లేదు.
నిద్ర లేని రాజును దింపనీకి ఎంతసేపు?
మూడేండ్లల నలుగురు.
నాలుగో ఆయన పట్టాభిషేకానికి
వెండి గొడుగు కిరాయికి తెచ్చిన్రు,
తెల్లారకముందే తిరిగియ్యాలె.

ఇదంతా ఎక్కడా రాసి లేదు.
మూడో గుంత గట్టు మీద కూసొని
ఒక బీడీ కాలేలోపల నేను అల్లుకున్నది.

కోడి కూసే యాళ్లకు సేటు పైసలు లెక్కపెట్టిండు.
ఎనిమిది వందలు.
"పన్నెండు అంటివి గద?"
"ఏం దొరకలేదు గద."
ఉశన్న నవ్విండు.
ఎందుకు నవ్విండో సేటుకు తెల్వదు.

దిగేటప్పుడు ఇద్దరం చెరొకటి సంచిల ఏసుకున్నం.
మన్ను పట్టి రెండూ ఒక్క తీరే ఉండె.
వాడు దసరాకు కిరాణం దుకాణం పెడ్తనంటున్నడు.
నాది అటక మీద ఉన్నది.
ఇంకా వేలు పెట్టి చూడలేదు.